పద్మ ఒప్పుకోలుకు నా గ్యారంటీ

ఒక ఆడమనిషి నాతో "వద్దు" అని చెప్పి, ఆ మాట తన భర్తకు చేరవేయమంది. నేను చేరవేయలేదు. ఆ ఒక్క ముక్క మింగేసినందుకు మా బిల్డింగులో లేచిన గత్తర చూసి కరోనా కూడా కాస్త పక్కకు జరిగి నిలబడింది. చెబుతాను. ముందు ఒక అపవాదు తేల్చాలి. "లాక్‌డౌన్‌ల శంకరయ్య రెండో పెండ్లికి తయారైండు" అని సూరత్‌లో మేముండే డిండోలి పేటలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. ఉన్న ఒక్క పెళ్ళిలోనే నాకు మాట్లాడే వంతు రాదు. రెండోది కూడా చేసుకుంటే సైగలతో బతకాలి. నేను చేసిన తప్పు వేరు. నవ్వేవాళ్ళు సరైన తప్పుకు నవ్వండి.

సూరత్‌లో మరమగ్గాలన్నీ ఆగిపోయిన రోజులవి. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. కార్ఖానా బంద్, రైళ్ళు బంద్, బస్సులు బంద్. బంద్ కానిది నా నోరొక్కటే. సాయంత్రమైతే మగవాళ్ళం డాబా ఎక్కి, మాస్కులు గడ్డం కిందికి లాక్కుని, దేశాన్ని బాగుచేసేవాళ్ళం.

ఒకరోజు వాదన పెళ్ళిళ్ళ చట్టం మీదికి మళ్ళింది. కారణం రాములు. కార్ఖానాలో నా పక్క సాంచాలు నడుపుతాడు, బిల్డింగులో మా కింద ఉంటాడు. అతనికీ పద్మకూ పెళ్ళై చాలాకాలమైనా పిల్లలు లేరు. పద్మను ఉంచుకునే ఇంకో పిల్లను చేసుకొమ్మని ఊరినుంచి వాళ్ళమ్మ ఫోన్లో పోరుతోంది. పిల్లను కూడా చూసిందట. రాములు భయమల్లా చట్టం గురించే.

నాలో వకీలు లేచాడు. ఏడో తరగతితో చదువాపేసిన వకీలు. అందరూ మేజర్లై, అందరూ ఇష్టపడితే నడుమ సర్కారుకేం పని అన్నాను. చట్టం మార్చాల్సిందే అన్నాను. ఇద్దరిని ఎట్లా సంభాళిస్తారని ఎవరో అడిగితే, ఎనిమిది సాంచాలు ఒక్కడే నడిపేవాడికి ఇద్దరు మనుషులు ఒక లెక్కా అని తొడ కొట్టాను.

ఆ మాట నాకంటే ముందే ఇంటికి చేరింది. మా ఆవిడ సుజాత అన్నం వడ్డిస్తూ నెమ్మదిగా అంది.

"పోగు తెగితే సాంచా ఆగుతది. నువ్వచ్చి ముడేసేదాంక ఊకుంటది. నేనూకోను."

మర్నాడు పొద్దున నీళ్ళు పట్టుకునే చోట పద్మ నన్ను ఆపింది. "అన్నా, ఆయన నీ మాట ఇంటడు. నాకిష్టం లేదని జెప్పు. నేను జెప్తె ఏడుపనుకుంటడు, నువ్వు జెప్తె మాటనుకుంటడు."

తల ఊపాను. గుర్తుపెట్టుకోండి, ఊపిన తల నాదే.

చెప్పడానికే ఆ సాయంత్రం డాబా ఎక్కాను, ఒట్టు. కానీ పైన అప్పటికే నాకు శిష్యులు తయారయ్యారు. "రండి వకీల్ సాబ్" అంటూ ఖాళీ రంగు డబ్బా బోర్లించి కూర్చోబెట్టారు. కనకపు సింహాసనం సంగతి నాకు తెలియదుగానీ, రంగు డబ్బా మీద కూర్చున్నవాడికి మాత్రం బుద్ధి నిలవదు. ఒప్పుకోలు ఉంటే చాలని నిన్న గెలిచిన వాదాన్ని, ఒప్పుకోలు లేదని ఇవాళ నేనే ఎట్లా ఓడగొట్టుకోను? రాములు నన్ను ఒక మూలకు తీసుకుపోయి, పద్మ ఏమంటుందో అని నసిగాడు. నేను అతని చెవిలో గుసగుసగా చెప్పాను.

"ఒప్పుకుంటది తమ్మీ, నాది గ్యారంటీ. రెండు దినాలు ఏడుస్తది, తర్వాత ఆమెనే పసుపు దంచుతది."

సాంచాలు నడిపేవాడి గుసగుస మీరు విని ఉండరు. ఏళ్ళతరబడి ఆ చప్పుడు మీద అరిచిన గొంతుకు తగ్గడం రాదు. కార్ఖానాలో అయితే అది రహస్యమే. ఆ రోజు మాత్రం సూరత్ అంతా నిశ్శబ్దం. నా రహస్యం మూడంతస్తులు దిగి, గల్లీ దాటి, పాసు లేకుండానే పోలీసుల అడ్డుకట్ట కూడా దాటింది. ఈలోగా రాములు ఫోన్ తీసి, పద్మ సరేనందనీ శంకరన్నే సాక్ష్యమనీ వాళ్ళమ్మకు చెప్పేశాడు.

పద్మ పైకొచ్చింది. చేతులకింకా రొట్టెల పిండి ఉంది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"అన్నా, నీ చట్టంల నాకు గూడ ఇద్దరు మొగుళ్ళుంటరా?"

"అది జర ఆలోచించాలె," అన్నాను. శిష్యులు నవ్వారు. నా పక్షాన కాదు.

"సరే అన్ననంటున్నవు. వద్దంటె యాడికి వోవాలె? బస్సుల్లెవ్వు, రైళ్ళు లెవ్వు, తల్లిగారింటికి తొవ్వ లేదు. పోను తొవ్వ లేనిదాని నోట్ల సరే అని వెట్టి, దానికి గ్యారంటీ ఇస్తవా? పొద్దుగాల నీకేం జెప్పిన?"

"నీకు జెప్పిందా అన్నా?" అని రాములు అడిగాడు. సరిగ్గా యాదికి లేదని గొణిగి మెట్లు దిగాను. మౌనం అర్ధాంగీకారమంటారు. నా గొణుగుడు పూర్తి నమ్మకద్రోహం.

ఇప్పటికీ నా వాదం వదల్లేదు. మేజర్లు నిజంగా ఇష్టపడి కలిసి బతికితే వాళ్ళ గడప ముందు చట్టానికి కావలి ఎందుకంటాను. ఆ ఇష్టం ఉందో లేదో డాబా మీద మగవాళ్ళు తేల్చినంతకాలం అట్లాంటి చట్టం రాకపోవడమే మంచిదని కూడా అంటాను. ఒకే వకీలు రెండు పక్షాలూ వాదించకూడదట. నాకు పట్టా లేదు కాబట్టి ఆ రూలూ లేదు.

కూలీల కోసం రైళ్ళు మొదలయ్యాయి. రాములు తల్లి పిల్ల తరఫువాళ్ళకు మాటిచ్చేసిందనీ, కొడుకును ఒక్కణ్ణే రమ్మందనీ తెలిసింది. రాములు బ్యాగు సర్దుతున్నాడు. "నీ గ్యారంటీ రైలెక్కుతున్నది, పోయి దించు," అంది సుజాత.

వెళ్ళాను. తలుపు దగ్గరే నిలబడి రాములుకు ఉన్నదున్నట్టు చెప్పాను. పద్మ వైపు తిరిగి, తప్పైందన్నాను. ఆమె ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది.

"నాకు గాదు. మా అత్తకు జెప్పు."

చెప్పాను. పద్మ వద్దన్నది, సరేనన్నది నేను అని. ముసలామె అంతా విన్నది.

"గట్లనా? మరి నా కోడలు బదులు సరే అనేటానికి నువ్వెవనివిరా?"



"ఎవన్ని గాను పెద్దమ్మా. తప్పైంది. ఇగ జన్మల ఇంకొకల్ల నోటికి సరే అని వెట్టను. మా వాకిట్లకు కూరగాయలాయన వచ్చి వంకాయలు కావాల్నా అన్నా, లోపలికి వోయి మా ఆమెనడిగొస్త."