బావ బండి చప్పుడు

మా బావ వెల్డర్. ఊరందరికీ అతుకులు వేసే మనిషి, తన బండి సైలెన్సర్ చిల్లు మాత్రం ఏనాడూ మూయలేదు. దాని గోల వీధి మలుపులోనే వినిపించేది. వినగానే మా అక్క, "వచ్చాడు మహానుభావుడు" అంటూ వెళ్లి గేటు తీసేది. ఆయన బండి దిగకుండానే లోపలికి వచ్చేవాడు.

అక్క చనిపోయిన నెలకే బావ కొత్త సైలెన్సర్ కొన్నాడు. వరండాలో గోనెపట్టా పరుచుకుని, తుప్పు పట్టిన నట్లకు కిరోసిన్ పోసి విప్పి, తనే బిగించాడు. నాకు ఒళ్లు మండింది.

"అక్క రోజూ చెవులు రిక్కించి విన్న చప్పుడు బావా అది! తీసెయ్యడానికి నీకు చేతులెలా వచ్చాయి?"

ఆయన స్పానర్ తుడుస్తూ అన్నాడు.

"ఆ చప్పుడుతో వచ్చి ఎంతసేపు నిలబడినా మీ అక్క గేటు తియ్యట్లేదురా. ఇదైతే, గుర్తుపట్టలేదులే అనుకుంటాను."