ఓబమ్మ హోటల్లో శనివారం వంట

పావగడ బస్టాండులో దిగి కొండవైపు నాలుగడుగులు వేస్తే ఓబమ్మ హోటలు ఉండేది. బోర్డు లేదు. రేకుల కప్పు, మూడు బల్లలు, గుమ్మం పక్కన చేతులు కడుక్కోవడానికి ఒక తొట్టి, అంతే. ఎదురుగా ఉన్న వేరుశెనగ మిల్లులో నేను కాయలు వలిచే మిషను దగ్గర పనిచేసేవాణ్ణి. ఎనభై ఆరు నుంచి తొంభై రెండు దాకా మధ్యాహ్నం తిండి అక్కడే. కాబట్టి ఆ హోటలు గురించి మాట్లాడే హక్కు నాకుంది. కాదనేవాళ్లు అక్కడ ఆరేళ్లు తిని వచ్చి మాట్లాడవచ్చు.

ఆ హోటలు ఎలా ఉంటుందని ఊళ్లో అడిగితే రెండు రకాల జవాబులు వచ్చేవి. "ఓబక్క చేతి ఊరిబిండి తింటే సచ్చినోడు లేసి కూచుంటాడప్పా" అనేవాడు తాలూకాఫీసు జవాను. ఊరిబిండి అంటే వేయించిన చెనిక్కాయలు, అదే వేరుశెనగలు, ఎండుమిరపకాయలు, చింతపండు కలిపి రోట్లో నూరిన పచ్చడి. రాగిముద్దలోకి అది ఉంటే మాకు ఇంకేమీ అక్కర్లేదు. "అదేం హోటలప్పా, ఒగ తూరి ఉప్పు కషాయం, ఒగ తూరి వట్టి నీళ్లు" అనేవారు శనిమహాత్మ గుడికి వచ్చిపోయే పరవూరివాళ్లు. ఇద్దరిదీ అబద్ధం కాదు. మామూలు రోజుల్లో తిన్నవాళ్లు మొదటి మాట అనేవారు, శనివారం తిన్నవాళ్లు రెండో మాట అనేవారు. మా మిల్లులో "అన్నీ ఉన్నాయి గానీ అల్లుడి నోట్లో శని" అని ఎగతాళి చేసేవాళ్లు.

కారణం అందరికీ తెలిసిందే. ఓబమ్మకు శనివారం ఒక్కపొద్దు. పొద్దు గూకి దీపం పెట్టి మొక్కిన తర్వాతే ఆమె నోట్లోకి ఏదైనా పోయేది. అంతవరకు చారుచుక్క కూడా నాలుక మీద వేసుకోదు. గుడికి బస్సుల నిండా జనం వచ్చేదీ ఆ రోజే. అందుకని శనివారం రుచి చూసే పని భర్త నల్లప్పకు అప్పజెప్పింది. ఆమె గరిటెతో అరచేతిలో పోసేది. ఆయన కళ్లు మూసుకుని నింపాదిగా నాకి, ఎక్కడికో పోయి వచ్చినవాడిలా కళ్లు తెరిచి "బాగుండాది మే" అనేవాడు. ఆ మాట నమ్మి ఆమె వడ్డించేది.

నల్లప్పది నాగలమడిక పక్క పల్లె. ఏటి ఒడ్డున నాలుగెకరాల మెట్ట ఉండేది. ఏట్లో ఇసుక తప్ప నీళ్లు ఎవరూ చూసింది లేదు గానీ, దాన్ని ఏరు అనడం ఎవరూ మానలేదు. ఎనభై అయిదులో చెనిక్కాయ చెట్లు పీకితే వేళ్లకు మన్ను తప్ప ఏమీ రాలేదు. ఆ ఏడే ఆయనకు విషజ్వరం పట్టుకుని ఇరవై రోజులు మంచం దిగలేదు. ఓబమ్మ పల్లె నుంచి పావగడ గుడికి నడిచి వచ్చి, మొగుణ్ణి పూరాగా తిరిగి ఇస్తే బతికినన్నాళ్లు శనివారం ఒక్కపొద్దు ఉంటానని మొక్కుకుంది. మనిషి లేచాడు, సేద్యం లేవలేదు. మొర విన్న దేవుడి నీడనే బతుకుదామని ఇద్దరూ ఊరికి వచ్చి హోటలు పెట్టారు.

నాకు ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. మా మిల్లు పొట్టు గాలికి లేచి హోటల్లోకి వచ్చేది. రేకుల సందుల్లోంచి దిగిన ఎండలో ఆ పొట్టు కిందికి పడక, పైకి పోక తేలుతూ ఉండేది. గుమ్మంలోంచి చూస్తే ఎండకు కొండ సన్నగా ఊగేది. ముద్ద తిని గోడకు ఆనుకుంటే నేను మేలుకున్నానో నిద్రపోతున్నానో నాకే తెలిసేది కాదు. పక్కనే నల్లప్ప నాతో మెల్లగా మాట్లాడుతూ ఉండేవాడు. "ఇప్పుడు మా చేన్లో పూత పట్టే టైము చిక్కన్నా. పొద్దున్నే పోతే పసుప్పచ్చగా ఉంటాది, కాలు పెట్టల్లంటే మనసు రాదు" అనేవాడు. ఆ చేను బీడు పడి అయిదేళ్లయింది. కానీ ఆయన చెబుతుంటే నా కాళ్లకు మంచు తగిలేది.

తొంభై ఒకటి శ్రావణంలో వాన రాలేదు. మామూలు రోజుల్లో పల్లెలవాళ్లు ఊరికి రావడమే మానేశారు. ఓబమ్మ పొయ్యి వారమంతా వెలిగిందంటే అది శనివారం జనం వల్లే. వాళ్లను తెచ్చేది హిందూపురం బస్సు. దాని కండక్టరు ఆదినారాయణప్ప బస్సును సరిగ్గా హోటలు ముందర నిలిపి "ఈడ తినండప్పా" అని అందర్నీ దింపేవాడు. మొదటి శనివారం చారు ఉప్పుగడ్డ. తిన్నవాళ్లు ఆకుల్లో వదిలేసి లేచారు.

ఆదినారాయణప్ప చేతులు కడుక్కుంటూ అన్నాడు. "ఓబక్కా, నా మింద కోపం చేసుకోవద్దు. జనం నన్ను తిడతాండారు. వచ్చే శనివారం గూడా ఇట్లే ఉంటే బస్సు ఆ పక్క హోటలు కాడ నిలుపుకుంటా."

ఆమె జనం పోయాక పొయ్యి ముందు కూర్చుని తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది.

"నా చెయ్యి చెడిపాయనా చిక్కన్నా? ఆయనేమో బాగుండాదంటాడు. ఇంతమంది బాగలేదంటారు. దేవునికి నా ఒక్కపొద్దు సరిపోలేదేమో. శుక్రవారం గూడా పడతా" అంది.

బక్కచిక్కిన మనిషి. ఉన్న ఒక్కపొద్దుకే సాయంత్రానికి గోడ పట్టుకుని నడిచేది.

ఆ వారం గురువారం నాడు మిల్లు నుంచి గుప్పెడు చెనిక్కాయలు వేయించుకుని హోటలుకు పట్టుకెళ్లాను. ఓబమ్మ నీళ్లకు పోయింది. నల్లప్పా నేనూ గుమ్మంలో కూర్చుని తినసాగాం. కరువు కాయల సంగతి తెలిసిందే. నొక్కులు పడి, బూజు పట్టి, మూడింట్లో ఒకటి కటిక చేదు. నేను నాలుగుసార్లు ఉమ్మాను. నల్లప్ప ఒక్కసారి కూడా ఉమ్మలేదు. ఒకటి తర్వాత ఒకటి, అదే తీరుగా నములుతున్నాడు. ముడుచుకుపోయిన నల్లగింజ ఒకటి కావాలనే ఏరి ఆయన చేతిలో పెట్టాను. దాన్ని కూడా నమిలి మింగాడు.

"అన్నా, చేదు తెలీలేదా నీకు?"

ఆయన చెయ్యి ఆగింది. ఓబమ్మ వస్తోందేమోనని వీధివైపు చూశాడు.

"ఎవురికీ చెప్పొద్దప్పా. జరం తగ్గినప్పట్నుంచీ నాకు ఉప్పూ లేదు, పులుపూ లేదు. అన్నం తిన్నా మన్ను తిన్నా ఒగటే."

"మరి కండ్లు మూసుకుని బాగుండాదంటావే?"

"కండ్లు మూసుకుంటే మా చేను కనపడతాది. పెండ్లయిన కొత్తలో ఓబి ఆడికి సద్ది తెస్తాండె. ముద్ద, దాని నడుమ గుంట చేసి ఊరిబిండి. ఆ రుచి నాకు గెవనం ఉండాది. ఏది నోట్లో ఏసుకున్నా అదే వస్తాది. అది బాగుండాది గదప్పా, అబద్ధం చెప్పలేదు నేను."

"అక్కకు చెప్పల్ల గదా."

"ఎట్ల చెప్పేది? అది పూరా మనిషిని అడిగింది. దేవుడు కొరత పెట్టి ఇచ్చినాడని తెలిస్తే ఒక్కపొద్దు మింద ఒక్కపొద్దు పట్టి సచ్చిపోతాది."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. చెప్పకపోయినా ఆమె రెండో ఒక్కపొద్దుకు సిద్ధంగానే ఉంది కదా. ఆ మాట అంటే తల దించుకున్నాడు. నేను మాత్రం ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. శనివారం తొందరగా పోయి, ఊరికే అడిగినట్టు అడిగి, నేనే రుచి చూసి ఉప్పు సరిచేయించాలని నా ఉపాయం.

శనివారం మిషను ఇంకొకరికి అప్పజెప్పి హోటలుకు పోయాను. పెద్ద డేగిసాలో చారు తెర్లుతోంది. ఆవిరిలో ఓబమ్మ ముఖం మసకగా ఉంది. గరిటెడు చారు నల్లప్ప చేతిలో పోసింది. ఆయన కళ్లు మూసుకుని, ఎప్పటిలా ఎక్కడికో పోయి, వచ్చి, "బాగుండాది మే" అన్నాడు.

"నాకూ ఒగ చుక్క పొయ్యక్కా, ఆకలవుతాంది" అన్నాను.

పోసింది. అందులో ఉప్పు తక్కువ కాదు, అసలు లేనే లేదు. "ఉప్పు ఎయ్యలేదేమో అక్కా" అన్నాను, వీలైనంత మామూలుగా.

ఆమె నవ్వబోయి ఉప్పుజాడీ వైపు చూసింది. పోయిన వారం ఎక్కువైందన్న భయంతో చివర్లో వేద్దామనుకుని మరిచిపోయింది. మూతకు కట్టిన గుడ్డ ఇంకా విప్పలేదు. జాడీని చూసింది, మొగుణ్ణి చూసింది. దాచడానికి ఏమీ మిగల్లేదు.

"నీకు తెలీలేదా?"

నల్లప్ప తల అడ్డంగా ఊపాడు.

"ఎప్పట్నుంచి?"

"జరం వచ్చినప్పట్నుంచి."

"మరి సోమారం, మంగళారం? ఊరిబిండిలో పులుపు తగ్గిందని, చారులో కారం ఎక్కువైందని నువ్వే చెప్తాంటివి గదా. ఒగ దినం గూడా తప్పలేదు."

"ఆ దినాల్లో ముందు నువ్వు రుచి చూస్తావు. నేను నీ మొగం చూస్తాంటి. శనివారం నువ్వు చూడవు. నాకు యాడ చూడల్లో తెలీదు."

ఓబమ్మ గరిటెను డేగిసా అంచుకు ఆనించింది. బయట హిందూపురం బస్సు హారను మోగింది. ఆదినారాయణప్ప "దిగండప్పా" అంటున్నాడు. ఆ రోజు ఆయన చారు రెండుసార్లు పోయించుకున్నాడు. ఆకుల్లో ఎవరూ ఏమీ వదల్లేదు. బస్సు ఆ తర్వాత కూడా అక్కడే ఆగింది. కానీ నాకు గుర్తున్నది జనం లోపలికి రాకముందు జరిగింది.

ఆమె గుడ్డ విప్పి గుప్పెడు ఉప్పు వేసి కలిపింది. గరిటె ముంచి తన అరచేతిలోనే పోసుకుంది. నల్లప్ప గబుక్కున లేచాడు.

"వద్దు మే, ఒక్కపొద్దు."

"పూరా మనిషిని అడిగితే ఆ దేవుడు రవ్వంత తన కాడ పెట్టుకోలేదా? నేనూ చుక్కంత పెట్టుకుంటా. అడిగితే నేను చెప్పుకుంటా" అని చారు నాలుక మీద వేసుకుంది.

నల్లప్ప ఈసారి కళ్లు మూసుకోలేదు. ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. ఆమె మింగి నోరు తెరవబోయేలోపే, "ఇంగా రవ్వంత పడల్ల" అన్నాడు.

ఓబమ్మ జాడీలో చెయ్యి పెట్టింది.