పడవలో మొలిచిన మెత్త

మా అత్తకు ఎడమకాలు వంగదు. మా ఆయన చేసిన బండి మీదనుంచే ఆమె కిందపడింది. బండిలో తప్పేమీ లేదని మా ఆయన, ఉందని ఆమె. నేను కాపురానికి వచ్చేసరికే ఆ వాదన పాతబడిపోయి, అన్నం దగ్గర మంచినీళ్ళు అడిగినంత మామూలుగా సాగుతుండేది. మా ఆయన వడ్రంగి. ఊళ్ళో బండ్లన్నీ ఆయన చేతివే. వాటి మీదనుంచి పడింది మాత్రం మా అత్త ఒక్కతే.

మాది మాచర్లకు పైన, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. ఏటికి ఇటు మేము, అటు నైజాం. మా ఆడబిడ్డను అటు ఇచ్చారు. గట్టు మీద నిలబడితే వాళ్ళ ఊరి తాటిచెట్లు కనపడేవి. మొదటి కాన్పుకు ఆమెను ఇక్కడికి తెచ్చుకుందామని అనుకుంటుండగానే ఏటికి కొత్తనీరు వచ్చి పడవ ఆగిపోయింది. నీళ్ళు తీశాక కబురు వచ్చింది. బిడ్డ దక్కలేదు. మా ఊళ్ళో సగంమందిని భూమ్మీదకు దించింది మా అత్త చెయ్యే. ఆ కబురు విన్న రోజు ఆమె తన చేతులవంక కాసేపు చూసుకుని, లేచి వెళ్ళి గేదె కింద పేడ తీసింది. ఆ సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాత యుద్ధం రోజుల్లో ఆడబిడ్డ మళ్ళీ నీళ్ళోసుకుంది. మంచం దిగవద్దన్నారట, కాబట్టి ఇటు తెచ్చే వీలు లేదు. మా అత్తే అటు పోవాలి. అదీ ఏరు రాకముందే పోవాలి.

పోవడానికి ఉన్నది ఒక్క చిన్న పడవ. అందులో మనుషులూ మేకలూ అందరూ అడుగు చెక్కల మీద గొంతుక్కూర్చుంటారు. కాలు వంగని మనిషి గొంతుక్కూర్చోలేదు. అంతకుముందు ఒకసారి పోదామని మా అత్త ఎక్కి నిలబడింది. పడవాయన ఆమెకు తమ్ముడి వరస.

"కూచో అక్కా, పడవ ఒరుగుద్ది" అన్నాడు.

"కూచోగలిగితే నీతో చెప్పించుకుంటానంటరా?" అన్నది.

పడవ ఊగింది. ఆమె రెండుచేతులా అతని జుట్టు పట్టుకుంది. ఏటి నడుమ కాదు, గట్టుకు కట్టేసిన తాడు ఇంకా విప్పలేదు. అయినా దిగి ఇంటికి వచ్చి, నీళ్ళ మొహం మళ్ళీ చూడనని చెప్పింది. అప్పటినుంచి చెరువు పక్కన నడవాల్సి వచ్చినా కొంగు అడ్డం పెట్టుకునేది.

ఇప్పుడు తప్పదు. మా ఆయన ఒకరోజు తిన్న చెయ్యి కడుక్కుంటూ అన్నాడు.

"బండిలో వేసినట్టే పడవలో కూడా పీట వేస్తా. కాలు చాపుకుని కూచో."

"నువ్వు చేసిందాని మీదా?" అన్నది మా అత్త.

"పడితే నీళ్ళలో పడతావు గదే, దెబ్బ తగలదు."

ఆ మాటకు ఆమె చెంబు విసిరింది గానీ వద్దనలేదు.

పడవాయన ఒకే ఒక్క షరతు పెట్టాడు. "నా పడవకు మేకు దిగిందంటే నేను దిగిపోతా. ఆ తర్వాత నువ్వే తోలుకో అల్లుడా." మా ఆయన పొద్దుటినుంచి సందేళదాకా పడవలో బోర్లా పడుకుని అడుగు చెక్కల వంపులన్నీ తాడుతో కొలిచాడు. మేకు లేకుండా, పీట కాళ్ళు ఆ వంపులకు సరిగ్గా కూర్చునేలా గాడులు తీశాడు. మొత్తం రెండు పీటలు. పెద్దది మనిషికి, చిన్నది కాలికి. బండికి వాడే తుమ్మచెక్కతోనే చేశాడు. మోయడానికి నలుగురు పట్టారు. పడవాయన చూసి, "దీన్ని లాగటానికి ఎద్దులు కూడా ఎక్కుతయ్యా?" అని అడిగాడు.

ఇంకొక సంగతి బిగించిన తర్వాతగానీ ఎవరికీ తట్టలేదు. గూడుబండిలో ముందు తోలేవాడు ఉంటాడు కనుక ఆడవాళ్ళు వెనక్కు తిరిగి కూర్చుంటారు. మా ఆయన చెయ్యి ఆ అలవాటు మీదే పోయింది. పెద్దపీట పడవ వెనక్కు తిరిగి ఉంది. పడవలో గడ వేసేవాడు నిలబడేది వెనకాలే. అంటే అక్కడ కూర్చున్న మనిషి ఏరు దాటినంతసేపూ పడవాయన మొహమే చూస్తుండాలి.

"మళ్ళీ గాడులు తీయాలంటే వారం పడుద్ది మామా" అన్నాడు మా ఆయన.

"వారమైనా సరే తియ్యరా. ఆమె నా ఎదురుగానా?" అన్నాడు పడవాయన. తియ్యలేదు.

ఇక మెత్త. ఉత్త తుమ్మచెక్క మీద ఆమె కూర్చోలేదు. గుడ్డ కంట్రోలులో ఉంది, అడిగినంత దొరకదు. ఇంట్లో ఉన్న గోనెసంచులే విప్పి తిత్తిలా కుట్టాను. లోపల కూరడానికి పత్తి ఉంది. ఆ ఏడు బండ్ల పనికి రైతులు ఏటేటా కొలిచే మేర కింద పత్తే ఇచ్చారు. గింజలు తీయించి, దూదేకుల సాయిబు వచ్చినప్పుడు ఏకించి కూరుదామన్నాను నేను.

"ఏకిస్తే నలిగిపోద్ది పిల్లా. గింజతోనే కూరు. వచ్చినాక విప్పి మళ్ళీ బుట్టలో పోసుకుందాం. నా కిందేగా ఉండేది, యాడికి పోద్ది?" అన్నది మా అత్త.

అంటే ఆ మెత్త ఆమెకు గాదె కూడా అన్నమాట. కూరాను. కూర్చుంటే గింజలు పిర్రలకు గుచ్చుకునేవి. ఆమె కూర్చుని చూసి, "చానా మెత్తగా ఉంది" అన్నది. ఇంటి పత్తి కదా.

ఇల్లు సర్దుకుని, తొమ్మిదో నెల రాగానే పోవాలని అనుకున్నది. ఈలోపు పీటలూ మెత్తా పడవలోనే ఉన్నాయి. పడవాయన వాటి మీద ఎవరెవరినో కూర్చోబెట్టుకున్నాడు. అంతా తడిబట్టలవాళ్ళే. దానికితోడు ముందుగా రెండు వానలు పడ్డాయి. ఆపైన ఎండ కాసింది. ఒక పొద్దున పడవాయన మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నీ మెత్త మొలిచింది."

"మొలవటమేందిరా?"

"మొలవటమంటే మొలవటమే. రెండేసి ఆకులు."

పోయి చూశాం. గోనె నేతలోనుంచి పత్తి మొలకలు బయటికొచ్చి నిలబడ్డాయి. ఒక్కచోట కూడా మొలక తప్పలేదు. మడిలో విత్తినట్టే ఉంది. కూర్చోబోయిన వాళ్ళు పైరు మీద ఎట్లా కూర్చుంటామని పక్కన గొంతుక్కూర్చున్నారట. మా అత్త వంగలేక, కర్రతో ఆకులు కదిలించి చూసింది.

"ఈ విత్తనం మంచిది కాదని, పత్తి ఇచ్చిన రైతే నాతో అన్నాడు. ఇప్పుడు పిలవండి వాణ్ణి" అన్నది.

పిలిచే లోపలే ఆ రోజు అవతలికి పోయే మేకలు పడవెక్కాయి. ఒడ్డు చేరేసరికి పైరు లేదు, గోనె లేదు. మిగిలిన పత్తి తడిసి ముద్దై కుళ్ళు వాసన కొట్టింది. మా అత్త దాన్నిగూడా ఎండబెట్టమన్నది. ఎండబెట్టాను. గేదె ముట్టుకోలేదు.

అదే వారం ఆడబిడ్డ దగ్గరనుంచి కబురు. కాళ్ళు వాచాయి, నీళ్ళు వచ్చేలోగా అమ్మను పంపించండి అని. పైన ఎక్కడో వానలని పడవాయన కూడా అన్నాడు. నీటి రంగు మారిందంటే ఇక తాడు విప్పనన్నాడు. మా అత్త ఆ రోజంతా ఎవరినీ తిట్టలేదు. ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది.

మళ్ళీ మెత్త చేయాలి. ఈసారి మొలవనిది కావాలి. మా ఆయన తోళ్ళు కుట్టే పెద్దాయన దగ్గరకు పోయాడు. బావుల్లోనుంచి ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోళ్ళు ఆయన కుట్టేవాడు. ఆదివారం ఆయన గుడికి పోయి ప్రార్థన చేసుకుని, అటునుంచే చంకలో పాత కపిల తోలు ఒకటి పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఇది బావిలో మునగతా తేలతా ముసలిదైపోయిన తోలమ్మా. కృష్ణ దీన్నేం చెయ్యలేదు" అన్నాడు.

"మరి మేకలు?" అని అడిగింది మా అత్త.

"మేకలకు దీని వాసన పడదు."

నిజమే. తోలు మెత్తబడడానికి ఏళ్ళ తరబడి పట్టించిన ఆముదం అంతా అందులోనే ఉంది. మేకలు దూరంగా జరిగాయిగానీ ఊళ్ళో కుక్కలన్నీ మా వాకిట్లో చేరాయి. లోపల కూరడానికి నేను పాత కొబ్బరితాళ్ళు ఊరంతా అడిగి తెచ్చాను. తాడు పురి విప్పి, పీచు విడదీసి, రోకలితో దంచి మెత్తబరచాలి. మా అత్త కాలు చాపుకుని పక్కనే కూర్చుని విప్పింది. ఇద్దరి వేళ్ళూ పగిలిపోయాయి. పెద్దాయన ఆరెతో బెజ్జాలు పొడుస్తూ, తోలుపట్టీతో కుట్టుకుంటూ వచ్చాడు. అంచు లోపలికి మడిచి కుట్టాడు, నీళ్ళు పైనుంచి జారిపోవాలిగానీ కుట్టులోకి దిగకూడదని. చివరి కుట్టుకు ముందు మా అత్త చెయ్యి లోపలికి పెట్టి బాగా తడివింది.

"ఏం చూస్తున్నావే అమ్మా?" అన్నాడు మా ఆయన.

"గింజలేమన్నా ఉన్నయ్యేమోనని."

మర్నాడే బయల్దేరాం. నేను ఆమెకు తోడు. నీళ్ళు అప్పటికే కాస్త ఎర్రబారాయి. పడవాయన నీళ్ళవంక చూసి, ఆమెవంక చూసి, తాడు విప్పాడు. మా అత్త పెద్దపీట మీద కూర్చుని, చిన్నపీట మీద కాలు పెట్టుకుని, మా ఒడ్డు వైపు చూస్తూ పీట అంచులు పట్టుకుంది. గట్టు మీద మా ఆయన నిలబడ్డాడు. ఆమె కళ్ళు ఆయన మీదనుంచి కదలలేదు.

కొంతసేపటికి, "ఎందాకా వచ్చాంరా?" అన్నది.

"ఇంకా ఒడ్డుకాడే ఉన్నాం అక్కా."

"వాడు అంత చిన్నగా కనపడతండాడే?"

"మీవాడు మనిషే చిన్న అక్కా."

ఆమె తిట్టడం మొదలుపెట్టింది. అతని తాతనుంచి మొదలుపెట్టి వరసగా వచ్చింది. అతను గడ వేస్తూ వింటున్నాడు. తిట్టడం అతని పెళ్ళిదాకా వచ్చేసరికి పడవ ఇసుకకు తగిలింది. అవతలి నైజాం సుంకం నాకా జవాను లోపల ఏం దాచారో చూడాలని మెత్త తట్టి, వాసన చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

ఆడబిడ్డ ఇంట్లో కూడా నేలమీద కూర్చోలేనని మా అత్త పీటలు రెండూ దింపించి వెంట తీసుకుపోయింది. నేను అదే పడవలో తిరిగి వచ్చాను. ఆ రాత్రే ఏరు వచ్చింది.

ఇక కబురు లేదు. గట్టునిండా ఎర్రనీళ్ళు, కొట్టుకుపోయే చెట్లు. పడవ మా ఒడ్డున బోర్లించి ఉంది. మా ఆయన చేతిలో పని పెట్టుకుని రోజూ గట్టు మీదకే పోయేవాడు. బండిచక్రానికి బిగించే కొయ్య ఆకులు అక్కడే చెక్కేవాడు. ఏం చూస్తున్నావని నేను అడగలేదు. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరని చెప్పాను కదా.

వాన తెరిపిచ్చిన ఒక పొద్దున పడవాయన మా ఇద్దర్నీ కేకేశాడు. పోయాం. అవతలి గట్టున, బండ మీద ఏదో నల్లగా ఉంది. చూడగా చూడగా మా పీట. దాని మీద మనిషి, ముందుకు చాపిన కాలు.

"అమ్మే" అన్నాడు మా ఆయన. "ఒళ్ళో ఏందది?"

పడవాయన కంటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఏదో మూట."

"సంచేమో. తమలపాకుల సంచి" అన్నాడు మా ఆయన.

పడవాయన చానాసేపు చూశాడు. "సంచినెవరన్నా ఊపుతారంటరా?" అన్నాడు.

అవతల ఆ మూట ఊగుతోంది. మా ఆయన చెక్కుతున్న ఆకు అక్కడే వదిలేసి ఇంటికి పోయాడు. నేను తెచ్చి ఇచ్చాను.

దసరా పోయాక నీళ్ళు తీశాయి. పడవాయన పోయి ఆమెనూ పీటలనూ తీసుకొచ్చాడు. పడవ దగ్గరకు వచ్చేదాకా మాకు ఆమె వీపే కనపడింది. అవతలి గట్టున మా ఆడబిడ్డ, చంకలో పిల్ల. ఆడపిల్ల. వాళ్ళు కనపడినంతసేపూ మా అత్త అటే చూస్తూ వచ్చిందట. పడవాయనను ఒక్క మాట కూడా అనలేదట. అతనికే తోచక, ఒంట్లో బాగుందా అక్కా అని రెండుసార్లు అడిగాడట.

పడవ ఆగినా ఆమె వెంటనే లేవలేదు.

"ఒరేయ్" అన్నది మా ఆయనను. "ఈ పీట తిప్పి బిగించు."

"తిప్పితే నీళ్ళు కనపడతయ్యే అమ్మా. నీకు భయం."

"కనపడనీరా. పోయేటప్పుడు ఆ ఒడ్డు కూడా కనపడుద్దిగా."

గాడులు మళ్ళీ తీయడానికి నిజంగానే వారం పట్టింది. ఆ వారమంతా పడవాయన పొద్దున్నే వచ్చి మా ఆయనకు ఉలి అందిస్తూ కూర్చున్నాడు.