రెక్కలు లేని కిటికీ

మా అన్నయ్య నూలు మిల్లులో ముప్పై ఏళ్లు బంట్రోతు. యజమాని గది తుడవడం, కాగితాలు అందించడం, పిలిస్తే పలకడం ఆయన పని. నేను అదే మిల్లులో కండెలు చుట్టేదాన్ని. మూడో తరగతితో బడి మానేసినా, నా చేతిలో పోగు తెగిందని ఏ మేస్త్రీ చేతా అనిపించుకోలేదు.

ఆ గదికి ఒకటే కిటికీ. కింద మేం అన్నాలు తినే ఆవరణ. ఒక ఎండాకాలం, చొక్కా వీపుకి అంటుకుపోతున్న ఉక్కలో, యజమాని భుజాలు ముడుచుకుని కిటికీ మూయమన్నాడట. మర్నాడు అద్దకం విభాగం మూతపడింది. నూటఇరవై మంది ఇంటిదారి పట్టారు.

"ఆయనకి చలేసింది చెల్లీ," అన్నాడు అన్నయ్య.

అయితే వెళ్లి దుప్పటి కప్పి రమ్మన్నాను.

తరువాత మిల్లును ప్రభుత్వం తీసుకుంది. లాభనష్టాలు తెలిసినవాడే నడపగలడని మా ఆయన, జనం గోడు పట్టేది ప్రభుత్వానికేనని నేను, పొయ్యి మీద కూర మాడేదాకా వాదించుకునేవాళ్లం. అన్నయ్య ఎటూ పలికేవాడు కాదు.

వచ్చిన అధికారి బల్ల మార్చాడు, కుర్చీ మార్చాడు, గోడకి సున్నం వేయించాడు. నాలుగో ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం, ఆయనా భుజాలు ముడుచుకున్నాడు. కిటికీ మూయమన్నాడు. మనిషి వేరైనా గొంతు మాత్రం పాతదేనని అన్నయ్య ఒట్టేసి చెప్పాడు. మర్నాడు మా ఆయన పనిచేసే మగ్గాల షెడ్డు మూతపడింది. ఆ తరువాత మా ఇంట్లో వాదన లేదు.

మిగిలింది కండెల విభాగం. అందులో నేనూ, నా కూతురూ. అంతలో ప్రభుత్వం మిల్లును మరొకరికి అమ్మేసింది. కొత్త యజమాని వచ్చే ముందురోజు అన్నయ్య తాళం తీస్తే, తెరిచి పెట్టి వెళ్లిన కిటికీ మూసి ఉంది. తాళంచెవి ఆయన జేబులోంచి కదిలింది లేదు. తెరిచి, నేల తుడిచి తలెత్తేసరికి, ఎవరో లోపలినుంచి లాగుతున్నట్టు రెక్కలు మెల్లగా దగ్గరవుతున్నాయి. బయట ఆకు కదలడం లేదు.

జన్మలో మిల్లునుంచి పెన్సిలు ముక్క తేని మనిషి, ఆ రెండు రెక్కలూ ఊడదీసి, భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు.

"నీకు మతిపోయిందా? ఉద్యోగం ఊడుతుంది," అన్నాను.

"ఊడితే నా ఒక్కడిదే ఊడుతుంది."

కొత్త యజమాని వచ్చాడు. మధ్యాహ్నానికి వణుకుతూ కిటికీ మూయమన్నాడు. మూయడానికి రెక్కలు లేవని అన్నయ్య చెప్పాడు. కింద మేం డబ్బాలు విప్పుకుని తింటున్నాం. యజమాని చాలాసేపు మావైపు చూస్తూ నిలబడి, బల్లమీదున్న మా విభాగం మూసివేత కాగితం సంతకం లేకుండానే సొరుగులో పెట్టేశాడట. అన్నయ్యను మాత్రం ఆ వారమే పంపేశారు.

అన్నయ్య పోయి ఆరేళ్లు. కండెలు ఇంకా తిరుగుతున్నాయి. నా కూతురే ఇప్పుడు మేస్త్రీ. యజమానులు మేలా, ప్రభుత్వం మేలా అని ఎవరైనా అడిగితే, మా గోడకి ఒకదానికొకటి ఎడంగా ఆనించి ఉన్న ఆ రెక్కలు చూపిస్తాను.

నిన్న మధ్యాహ్నం చూస్తే రెండూ దగ్గరికి జరిగి ఉన్నాయి. విడదీశాను. ఇవాళ మళ్లీ జరిగాయి. మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మోకాళ్లకి చలి తగులుతోంది. మా అమ్మాయి షిఫ్టు ముగించుకుని వచ్చేదాకా లేవను.