ఎదుటి జట్టుకు అందించిన బంతి

జావా దీవిలోని మాగెలాంగ్ దండులో లెఫ్టినెంట్ రైనియర్ బూక్‌హోర్స్ట్‌ను సిపాయిలు చాటుగా ‘బంతి దొర’ అనేవారు. హార్లెమ్‌లో పూలదుంపలు అమ్మే వ్యాపారి కొడుకు. హాలండు ఫుట్‌బాల్ జట్టులో ఎడమ అంచున ఆడి, పేరు పత్రికల్లోకెక్కిన రోజుల్లోనే వలససైన్యంలో చేరి జావాకు వచ్చేశాడు. ఎందుకొచ్చావంటే ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పేవాడు. అందులో ఏది నిజమో అతనికే అంతుపట్టేది కాదు.

సుమత్రాలో దొరల మీద తిరగబడ్డ అచే కొండల్లో గస్తీ తిరిగిన కాలమంతా అంబోన్ దీవివాడైన కార్పొరల్ పత్తివాల్ అతని వెనకే ఉండేవాడు. పొదల్లోంచి కత్తి లేచినప్పుడల్లా “దొరా, ఇటు!” అని కేక. రైనియర్ ఆలోచించకుండా అటు దూకేవాడు. అలా బతికాడు. ఒక తెల్లవారుజామున ఓ పల్లెమీద కాల్పులకు తానే ఆజ్ఞ ఇచ్చాడు. పొగ విడిపోయాక చూస్తే పడిపోయినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. దానికి పతకమిచ్చారు. ఏం చేసుకోవాలో తోచక, ఇంటికి రాగానే దాన్ని ముర్తీనా చేతిలో పెట్టాడు. అతనితో కాపురముంటూ కూతుర్ని కన్న జావా మనిషి ఆమె. పతకాన్ని పెట్టెలో పడేసింది.

హాలండు రాణిగారి పుట్టినరోజున దండులో అధికారులకూ సిపాయిలకూ ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. గోలుకు దగ్గర్లో బంతి రైనియర్ కాలికి చిక్కింది. “ఇటు!” అని సిపాయిల వైపు ఆడుతున్న పత్తివాల్ తన జట్టువాడినెవరినో పిలిచాడు. రైనియర్ ఆలోచించకుండా బంతిని పత్తివాల్‌కే తన్నేశాడు. అవతలివాళ్లు దాన్ని తీసుకుపోయి గోల్ కొట్టారు.

“పొద్దున్నే మందు పట్టించావా ఏం?” అని కెప్టెన్ అరిచాడు.

ఆట అయ్యాక పత్తివాల్ మొహం గంటుపెట్టుకుని వచ్చాడు. “ఓడిస్తే ఓడించండి దొరా. బిచ్చమెయ్యకండి.”

“బిచ్చం కాదు పత్తివాల్.”

“మరేంటి?”

రైనియర్ వంగి బూటు తాడు బిగించుకున్నాడు. పత్తివాల్ సెల్యూట్ కొట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పైవాళ్లు రైనియర్‌ను సెలవుమీద స్వదేశం పంపించారు. హార్లెమ్‌లో పాత మిత్రులు పట్టుబట్టి మైదానంలోకి దింపారు. ఎడమ అంచున నిలబడ్డాడు. చుట్టూ తన భాషే, తన పేరే. ఎవరు పిలుస్తున్నా కాలు కదల్లేదు. ఆట మధ్యలోనే పక్కకు తప్పుకున్నాడు. “ఆ దేశపు జ్వరం ఇంకా వదల్లేదు పాపం” అనుకున్నారు.

సెలవు పూర్తికాకుండానే తిరుగు ఓడెక్కాడు. గుమ్మంలో అతన్ని చూసి ముర్తీనా చేతిలో చేట పక్కన పెట్టింది.

“అదేంటి దొరా, అప్పుడే వచ్చేశారు? మీ ఊరు బాలేదా?”

“బాగానే ఉంది.”

“మరి ఇక్కడే ఉండిపోతారా?”

“తెలీదు ముర్తీనా.”

ఆమె అతని చేతిలో సంచీ అందుకుంది. “సరే, ముందు కాళ్లు కడుక్కోండి. ఎండుచేప వేయిస్తా” అంది.