లల్లా మొహం కడిగే తైయెబ్

ఐన్ సఫ్సాఫ్ అని ఒక ఊరు; ఆ పేరుకి అర్థం సఫ్సాఫ్ అనే చెట్ల దగ్గరి ఊట. పేరులో ఊట ఉంది గానీ, ఎండలు ముదిరితే ఆ ఊరి కుళాయిల్లో చుక్క రాలదు. అలాంటి ఊళ్లో ఉంటూ, రోజూ ఇంట్లోంచి మంచినీళ్లు పట్టుకెళ్లి రాతిబొమ్మ మీద పోసివచ్చే మనిషిని ఏమనాలి? ఊరు పిచ్చోడంది. పెళ్లాం మబ్రూకా ఇంకా చాలా అంది. అవన్నీ రాస్తే కాగితం సిగ్గుపడుతుంది.

తైయెబ్ మొదట కొట్లకి బోర్డులు రాసేవాడు. ఒకసారి కసాయి కొట్టుకి ఆవుబొమ్మ వేశాడు. మాంసం కోసం వచ్చినవాళ్లు దాని కళ్లలోకి చూసి, "పాపం, ఈవేళ శనగలతో సరిపెట్టుకుందాంలే" అని వెనక్కి తిరిగారు. వారం తిరక్కుండా కసాయి దానిమీద సున్నం కొట్టించాడు. "నీ చేతిలో కళ ఉంది నాయనా, దాన్ని నా కొట్టుకి దూరంగా పెట్టుకో" అన్నాడు. ఆ మాట మిగతా కొట్లవాళ్ల చెవిన కూడా పడింది. చివరికి తైయెబ్, ఊరి పైన కొండవాలులో ఉన్న రోమన్ల కాలంనాటి శిథిలాలు చూపించే గైడుగా తేలాడు.

అక్కడా మనిషి మారలేదు. స్నానశాల దగ్గర "ఇక్కడ స్నానాలు చేసేవారు, పదండి" అంటాడు. నాటకశాల దగ్గర "ఇక్కడ నాటకాలు ఆడేవారు, పదండి" అంటాడు. ఆ పరుగంతా ఒక పాడుబడ్డ ఇంటి నేల కోసం. గోరంత రంగురాళ్లు పేర్చి ఎవరో చేసిన ఆడమనిషి బొమ్మ ఉందక్కడ, చుట్టూ చేపలు. మామూలుగా చూస్తే దుమ్ము తప్ప ఏమీ కనబడదు. తైయెబ్ సీసా మూత తీసి నీళ్లు చిలకరిస్తే ముందు బుగ్గల ఎరుపు తేలుతుంది, తర్వాత పెదవులు, ఆ తర్వాత కళ్లు. తడి ఆరేదాకా ఉండి మళ్లీ దుమ్ములోకి వెళ్లిపోతుంది. ఆమెని అతను "లల్లా" అంటాడు, మనం అమ్మగారూ అన్నట్టు. ఆవిడ ముందు నిలబడితే అతనికి కాలం తెలియదు. కింద బస్సు డ్రైవర్లు హారన్లు మోగించి మోగించి, చివరికి కునుకు తీసేవారు.

మబ్రూకా కూడా ఒక్కసారి వచ్చి చూడాలని పెళ్లయిన దగ్గర్నుంచీ అతని కోరిక. ఆవిడ మాత్రం, "నేలమీది రాళ్లు చూడ్డానికి నేను కొండెక్కాలా? మా అన్న కొట్లో బోలెడున్నాయి, పైగా కొత్తవి" అనేది. అన్న హమ్మాదీ పట్నంలో టైల్సు అమ్ముతాడు.

ఆ ఆదివారం హమ్మాదీ భోజనానికి వస్తున్నాడు. కుళాయి ఎప్పటిలాగే మొండికేసింది. గోధుమరవ్వ కుస్కుస్ వండడానికని మబ్రూకా ఒక డబ్బా నీళ్లు తలుపు వెనక దాచింది. పొద్దున్నే రెండు బస్సులు వస్తాయని తైయెబ్‌కి కబురందింది. తలుపు వెనక డబ్బా కనబడింది. అది అక్కడెందుకు ఉందో అడగాలని అతనికి తోచలేదు. తోచినా అడిగేవాడు కాదు. మోపెడ్ వెనక కట్టుకుని వెళ్లిపోయాడు.

మొదటి బస్సువాళ్లు మెచ్చుకున్నకొద్దీ పోశాడు. లల్లాకి పోశాడు, ఒక్కొక్క చేపకీ పోశాడు. రెండో బస్సులో ఇటలీ ముసలివాళ్లు దిగేసరికి డబ్బా ఖాళీ, నేల పొడి. ఆ దుమ్ము మీద చేతులు ఊపుతూ, "ఇక్కడ కన్ను, ఇక్కడ పెదవి, మీరు నమ్మాలి" అంటున్నాడు. వాళ్లు నమ్మినట్టు కనబడలేదు.

ఇంట్లో ఉల్లిపాయలు తరిగి, తలుపు వెనక చెయ్యి పెట్టిన మబ్రూకాకి గోడ తగిలింది.

"బట్టలు సర్దుకో చెల్లీ," అన్నాడు అప్పుడే దిగిన హమ్మాదీ, సంగతి విని. "వ్యాన్ బయటే ఉంది. రాతిదానితో కాపురం చేసేవాడితో నీకేం పని?"

"సర్దుకుంటా. ముందు దాని మొహమేంటో చూసొస్తా," అని పొయ్యి దగ్గర చేతికందిన గిన్నె లాక్కుని కొండెక్కింది.

"ఏదయ్యా నీ లల్లా?"

ఇటలీవాళ్లు పక్కకి తప్పుకున్నారు. సంతోషించాలో పారిపోవాలో తైయెబ్‌కి తెలియలేదు. "వచ్చావా మబ్రూకా!" అని నేల చూపించాడు.

"ఇదా? ఈ బూడిదకా నా నీళ్లు పోసింది?"

"తడిస్తే కనబడుతుందే..."

"తడుపు మరి!"

"అయిపోయాయి."

"అయిపోయాయా! తెల్లారేసరికి డబ్బా ఎత్తుకొచ్చి, మా అన్న ముందు నా పరువు కూడా తుడిచిపెట్టావు కదా. ఇదిగో, నా నీళ్లు నాకు పొయ్యి. లేదంటే ఇప్పుడే వ్యానెక్కుతా. ఇక నువ్వూ, నీ చేపలూ!" అంటూ గిన్నె ముందుకు చాచింది.

అప్పుడు చూశాడు తైయెబ్. కోపంలో ఆవిడ పట్టుకొచ్చింది కుస్కుస్ పై గిన్నె. ఆవిరి పట్టడానికి దాని అడుగంతా చిల్లులే. చెప్పబోయి, ఆవిడ కళ్లు చూసి నోరు మూసుకున్నాడు. కాపురం అతనికి నేర్పిన విద్య అదొక్కటే.

ఇటలీవాళ్లలో ఒక ముసలావిడకి మాట అర్థం కాలేదు గానీ గిన్నె అర్థమైంది. తన సీసా తెరిచి అందులో వంపేసింది. నీళ్లు చిల్లుల్లోంచి జల్లుగా నేలమీద పడ్డాయి. ఇదేదో ఇక్కడి ఆచారం కాబోలనుకుని మిగతావాళ్లు కూడా తలా సీసా పట్టుకుని వరసకట్టారు.

"ఆగండమ్మా, ఆగండి, ఇది చిల్లుల..." అంటూ మబ్రూకా కిందికి చూసింది. ఎర్రటి బుగ్గ ఒకటి ఆవిడకేసి చూస్తోంది.

ఎవరో ఇంకో సీసా వంచారు. మబ్రూకా గిన్నెని కాస్త పక్కకి జరిపింది. కన్ను వచ్చింది. ఇంకాస్త జరిపింది. పచ్చటి తోకతో చేప వచ్చింది. తైయెబ్ బొమ్మని చూడ్డం మర్చిపోయి పెళ్లాం మొహమే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్లుగా అతను కోరుకున్నది ఇదే.

"ఇవన్నీ ఒక్కొక్కటే పేర్చారా?"

"ఒక్కొక్కటే."

"చాలా రోజులు పట్టుంటుంది."

"ఏళ్లే పట్టుంటుంది."

మబ్రూకా వంగి ఆ బుగ్గ మీది రాళ్లని వేలితో తడిమింది. తర్వాత నిట్టూర్చింది. "పాపం, వాడి పెళ్లాం. అన్నాళ్లూ ఏం వండి పెట్టిందో."

పేర్చినవాడి వేళ్ల గురించి తైయెబ్ ఎన్నోసార్లు ఆలోచించాడు. వాడి పెళ్లాం గురించి ఒక్కసారీ అనుకోలేదు. అతనికి నిజంగా సిగ్గేసింది. "నీళ్లు అడిగి తీసుకోవాల్సింది, తప్పయిపోయింది" అన్నాడు.

"అడిగితే ఇచ్చేదాన్నా?"

"ఇవ్వవు."

"మరింకేం!" అంది మబ్రూకా, గిన్నె దులుపుకుంటూ.

ఆ మధ్యాహ్నం హమ్మాదీకి రొట్టె, హరీసా కారం, డబ్బాలో ట్యూనా చేప దక్కాయి. "బట్టలు సర్దావా?" అని గుర్తుచేశాడు. "ముందు తిను అన్నా. తిన్నాక కొండమీదికి తీసుకెళ్తా. నీ టైల్సు ఎందుకు పనికొస్తాయో నీకే తెలుస్తుంది," అంది చెల్లెలు.

మర్నాడు పొద్దున కుళాయి సన్నగా కారింది. గుమ్మం దగ్గర నిండుగా ఒక సీసా పెట్టి ఉంది. తైయెబ్ ఆనందంగా మూత తీసి నోటికెత్తబోయాడు.

"ముట్టుకోకు!" లోపల్నించి మబ్రూకా అరిచింది. "అది లల్లాకి. నీకు దాహమేస్తే ఆ ఇటలీ ముసలావిణ్ణి అడుక్కో."