అరిగిన వసకొమ్ము

కెనడాలోని సార్నియాలో మా అమ్మాయి పుట్టినప్పుడు నాకు ఇద్దరు డాక్టర్లు ఉండేవారు. ఒకరు మా బేస్‌మెంట్ పైన ఉండే ఇంటి ఓనరు ఆంటీ. గుంటూరు నుంచి వచ్చి, ఇక్కడ పిల్లల డాక్టరుగా ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరయ్యారు. రెండోవారు వరంగల్‌లో ఉండే మా అత్తయ్య. ఆవిడ వైద్యం చదవలేదు. అందుకని ఆవిడకి ఏనాడూ అనుమానం వచ్చేది కాదు.

ఆ రోజుల్లో మా ఆయన చదివే కాలేజీకి విమానాల కొద్దీ మనవాళ్లు దిగుతుండేవారు. వచ్చే ప్రతి సూట్‌కేసులో రెండు కిలోలు వేరేవాళ్లవే. అలా ఒకమ్మాయి మాకు అత్తయ్య పార్సిల్ తెచ్చి ఇచ్చింది: సాంబ్రాణి, వాము, ఇంగువ, వేలెడు వసకొమ్ము, దాన్ని అరగదీయడానికి ఒక సానరాయి. రాయి! కెనడాలో రాళ్లు దొరకవేమోనని ఆవిడ బెంగ.

సాంబ్రాణి మొదటి రోజే ఫైర్ అలారం మోగించి రిటైరైంది. వాము నీళ్లు నేనే తాగేశాను. బొడ్డు చుట్టూ ఇంగువ పట్టు వేయమంటున్నారని చెబితే ఆంటీ, "వేసుకో, వాసన తప్ప ఏం కాదులే" అన్నారు. వస దగ్గరికొచ్చేసరికి కళ్లజోడు తీశారు. "నాలుక మీద తల్లిపాలు తప్ప ఏదీ పెట్టకు. అది మాత్రం అస్సలొద్దు."

అత్తయ్యకి చెప్పబోయాను. "పిల్ల నాలికకు వస రాయకుంటే మాటలెట్ల వస్తయి బిడ్డా? కడుపునొప్పి గూడ గదే పోతది" అన్నారు.

నాకు ఎవరికీ కాదని చెప్పడం రాదు. కాబట్టి ఇద్దరికీ సరేనన్నాను.

రోజూ పొద్దున ఎనిమిదింటికి పిల్లకి స్నానం అయ్యాక వీడియో కాల్. ఫోన్‌ని రైస్ కుక్కర్‌కి ఆనించి, అత్తయ్య చూస్తుండగా వస అరగదీసేదాన్ని. తర్వాత ఫోన్‌కి వీపు పెట్టి, కడిగిన వేలు నా పాలలో ముంచి పిల్ల నోట్లో పెట్టేదాన్ని. అరగదీసిందంతా సింక్‌లోకి. "ఎంత అరిగిందో సూపియ్యి" అని అడిగేవారు. చూపించేదాన్ని. మా ఆయనకి కూడా నిజం చెప్పలేదు, ఆయన కడుపులో ఏ మాటా దాగదు. నెలన్నరలో కొమ్ము సగమైంది. పిల్లకి కడుపునొప్పి తగ్గింది. "సూసినవా, నా వస!" అన్నారు అత్తయ్య. దాని టైమొచ్చి అదే తగ్గిందన్నారు ఆంటీ. నేను ఇద్దరికీ తలూపాను.

రెండు నెలలు నిండిన వారంలో ఒక పొద్దున కాల్‌లో ఉండగానే పిల్ల ఒళ్లు కాలిపోతోందని తెలిసింది. ఏడవడం కూడా లేదు. మెట్ల కింది నుంచే ఆంటీని కేకేశాను. ఆంటీ థర్మామీటరుతో దిగొచ్చారు. "ఇంత చిన్న పిల్లకి జ్వరమంటే ఇంట్లో చూసేది కాదమ్మా. జ్వరానికి చుక్కల మందొద్దు, ఇంగువొద్దు. కారెక్కు." ఆవిడే డ్రైవ్ చేశారు, మా ఆయన ఫోన్ పట్టుకుని పక్కన కూర్చున్నారు. అత్తయ్య ఫోన్‌లోనే ఉన్నారు. కట్ చేయాలని ఎవరికీ తోచలేదు.

ఎమర్జెన్సీలో నర్సు, పిల్లకి ఇంట్లో ఏమైనా ఇచ్చారా అని అడిగింది. మా ఆయన ధైర్యంగా, "రోజూ వస ఇస్తున్నాం" అని, స్పెల్లింగుతో సహా చెప్పారు. నర్సు రాసుకుంది. ఆంటీ నా వైపు తిరిగి చూశారు. ఆ చూపు తట్టుకోవడం నా వల్ల కాలేదు. అదేం వేరో, విషమేమో కనుక్కోవాలని, దానికోసం ఇంకొంచెం రక్తం తీయాలని నర్సు అంది. పిల్ల చెయ్యి నా బొటనవేలంత ఉంది.

"ఇవ్వలేదు," అన్నాను. "ఒక్కరోజు కూడా ఇవ్వలేదు. అంతా సింక్‌లో పోశాను."

తెలుగులోనే అనేశాను. ఆంటీ దాన్ని ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా ఇంగ్లీషులో నర్సుకి చెప్పారు, సింకుతో సహా. మా ఆయన నోరు తెరిచి చూస్తున్నారు. ఆయన చేతిలో ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది, అత్తయ్య అంతా విన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇక తిట్లు మొదలవుతాయని ఎదురుచూశాను.

"నిజంగ ఇయ్యలేదా బిడ్డా? ఒట్టు?"

"ఒట్టు అత్తయ్యా."

ఆవిడ భోరుమన్నారు. "బతికించినవ్ తల్లీ. జ్వరమన్న కాడికెల్లి నా వసనే పిల్లను ఏమన్న చేసిందేమోనని పానం కొట్టుకుంటాంది."

ఏనాడూ అనుమానం రాని మనిషి. కారులో ఉన్నంతసేపూ ఆవిడ మాట్లాడకపోవడం, ఆంటీ ఇంగువొద్దన్నందుకు కోపమనుకున్నాను.

పిల్లకి వచ్చింది మూత్రంలో ఇన్‌ఫెక్షన్. యాంటీబయాటిక్ ఇచ్చి కొన్నాళ్లు అక్కడే ఉంచుకుని పంపించారు.

ఇంటికొచ్చిన మర్నాడు ఎనిమిదింటికి ఫోన్ మోగింది. రైస్ కుక్కర్‌కి ఆనించాను. అలవాటుగా సానరాయి అందుకోబోయాను.

"అది పక్కన పెట్టు," అన్నారు అత్తయ్య. "నెలన్నర సంది కొమ్మును, నీ వీపునే సూస్తున్న. ఇటు తిరుగు బిడ్డా. పిల్లను సూపియ్యి."